తన ప్రత్యర్థులను తానే కన్న పార్టీ

ఫిలిప్పీన్స్‌లో జాతీయ పార్టీలకు ఆయువు తక్కువ. కొత్త అధ్యక్షుడు రాగానే ప్రజాప్రతినిధులు గుంపులుగా ఆయన పంచన చేరిపోతారు. అలాంటి దేశంలో ఒక్క నగరాన్నే నమ్ముకున్న పార్టీ నాలుగు దశాబ్దాలకు చేరువవుతోంది. సెబు నగరంలో పుట్టిన ఆ పార్టీ బాండో ఒస్మెన్యా పుండోక్ కౌస్వాగన్. అంటే ఒస్మెన్యా పక్షం, ప్రగతి బృందం. అందరూ బీఓపీకే అంటారు.

దాని వేళ్లు అప్పటి అధ్యక్షుడు మార్కోస్ నియంతృత్వంలో ఉన్నాయి. మాజీ అధ్యక్షుడు సెర్జియో ఒస్మెన్యాది సెబునే. ఆయన కొడుకు సెర్జియో జూనియర్ ఈ నగరానికి మేయర్‌గా చేసి, 1969లో మార్కోస్ మీద అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయారు. 1971లో మనీలా ప్లాజా మిరాండా సభలో బాంబులు పేలినప్పుడు తీవ్రంగా గాయపడ్డారు. మరుసటి ఏడు సైనిక పాలన వచ్చింది. ఆయన అమెరికాలో ఉండిపోయి 1984లో అక్కడే కన్నుమూశారు. 1986 ఫిబ్రవరి 22న, మనీలాలో సైన్యంలో ఒక వర్గం మార్కోస్‌పై తిరగబడిన రోజున, ఆయన ప్రత్యర్థి కొరాజోన్ అక్వినో ఉన్నది సెబులోనే. ఆ రాత్రి ఆమె కార్మెలైట్ సన్యాసినుల మఠంలో తలదాచుకున్నారు. మార్కోస్ అంటే ఆ నగరానికి అంత కోపం.

ఆ కోపమే జూనియర్ కొడుకు తొమాస్‌కు ఓట్లయింది. 1987లో బీఓపీకే పెట్టి, 1988 జనవరి ఎన్నికల్లో ఆయన మేయర్ అయ్యారు. అక్కడ మేయర్‌కు, ఉప మేయర్‌కు, కౌన్సిలర్లకు వేర్వేరుగా ఓటేయాలి. నగరంలోని రెండు జిల్లాల్లో ఒక్కోదానికి 8 మంది కౌన్సిలర్లు. అన్ని పేర్లు ఓటరుకు గుర్తుండాలంటే ఒక జాబితా కావాలి. ఆ జాబితాయే పార్టీ. దాన్ని ఇంటింటికీ చేర్చేది బరంగాయ్‌ల, అంటే అతిచిన్న స్థానిక పాలనా విభాగాల, స్థాయి మనుషులు. బరంగాయ్ ఎన్నికలు పార్టీలకు అతీతమని చట్టం చెబుతుంది. అయినా 80 బరంగాయ్‌ల పెద్దల్లో ఎవరు ఎటున్నారో నగరమంతటికీ తెలుసు.

1987 రాజ్యాంగంలో ఇంకో నియమం ఉంది. మేయర్‌కు మూడేళ్ల పదవి, వరుసగా మూడుసార్లకు మించి కూడదు. కుటుంబ పార్టీకి ఇది పెద్ద చిక్కు. నాయకుడు పక్కకు జరిగితే కుర్చీ నమ్మకస్తుడికి అప్పగించాలి. కుర్చీ ఎక్కాక ఆ నమ్మకస్తుడికి సొంత బలం వస్తుంది. 1995లో తొమాస్ తప్పుకోగా ఆయన ఉప మేయర్ ఆల్విన్ గార్సియా మేయర్ అయ్యారు. తర్వాత తెగతెంపులు చేసుకుని కుసుగ్ అనే సొంత పార్టీ పెట్టుకున్నారు. 2001లో తొమాస్ ఆయన్నే ఓడించి తిరిగొచ్చారు. మూడు విడతలు పూర్తయి 2010లో మరో ఉప మేయర్ మైకేల్ రామాను నిలబెడితే మళ్లీ అదే జరిగింది. రామా విడిపోయారు, ఆయన సొంత పక్షం పుట్టింది, 2013లో తొమాస్ ఆయన చేతిలో ఓడారు.

గొడవ పదవి కోసమే అనుకుంటే పొరపాటు. సముద్రాన్ని పూడ్చి జపాన్ అప్పుతో తయారుచేసిన దాదాపు 300 హెక్టార్ల సౌత్ రోడ్ ప్రాపర్టీస్‌ను ఏం చేయాలన్నది నగరానికి నిజంగా పెద్ద ప్రశ్న. 2015లో రామా అక్కడి స్థలాలు పెద్ద కంపెనీలకు అమ్మితే తొమాస్ గట్టిగా అడ్డుపడ్డారు. ప్రజల భూమి గురించి బహిరంగంగా వాదించుకున్న నగరమంటే నాకు గౌరవం. ఆ వాదనకు రెండువైపులా ఒకే గూటి నాయకులుండటం మాత్రం బాధగా ఉంటుంది.

2016లో తొమాస్ గెలిచారు, 2019లో ఓడారు. 2022లో ఆయన భార్య మార్గరీటాను రామా ఓడించారు. పార్టీ పని అయిపోయిందన్నవాళ్లకు 2025 మే జవాబిచ్చింది. బీఓపీకే అభ్యర్థి నెస్టర్ ఆర్కివాల్ మేయర్ అయ్యారు. ఓడినవారిలో రామా ఒకరు, ఆల్విన్ గార్సియా కొడుకు రేమండ్ ఒకరు. ఈసారి తొమాస్ నిలిచి గెలిచింది ఉప మేయర్ పదవికి.