చింతపిక్కలతో సప్లై చైన్

కెంటకీలో గృహోపకరణాలు తయారుచేసే జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలు కొంతకాలం మూడు నాలుగు షిఫ్టులు నడిచేవి. కొన్నేళ్లు తిరిగేసరికి సగం మందిని ఇంటికి పంపేసేవి. మార్కెట్ ఒడుదొడుకులే కారణమని అక్కడివాళ్లు సరిపెట్టుకున్నారు. 1956లో ఎంఐటీ మేనేజ్‌మెంట్ స్కూల్లో చేరిన జే ఫారెస్టర్‌కు ఆ జవాబు రుచించలేదు. కంప్యూటర్లకు మాగ్నెటిక్ కోర్ మెమరీ అందించిన ఇంజనీరు ఆయన. ఈ లెక్కకు మాత్రం నోటుపుస్తకం, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నారు. ఏ వారం ఎంత స్టాకు, ఎన్ని ఆర్డర్లు, ఎంతమంది కార్మికులు అని వారం వారం లెక్కగట్టారు. బయటి ఆర్డర్లు నిలకడగా ఉన్నా, మేనేజర్లు మామూలుగా తీసుకునే నిర్ణయాలే ఫ్యాక్టరీని కుదిపేయగలవని తేలింది. 1961లో వచ్చిన ఆయన 'ఇండస్ట్రియల్ డైనమిక్స్' పుస్తకానికి పునాది ఈ ఆలోచనే.

దాన్ని విద్యార్థులకు అనుభవంలో చూపించడానికి ఎంఐటీలో రూపుదిద్దుకున్నదే బీర్ గేమ్. సప్లై చైన్ పాఠం నేను ఏటా దీనితోనే మొదలుపెడతాను. బల్ల మీద పొడవాటి చార్టు పరుస్తాం. చిల్లర కొట్టు, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ వరసగా కూర్చుంటారు. అమెరికాలో బీరు పెట్టెలకు గుర్తుగా పెన్నీ నాణేలు పెట్టేవారు. మా క్లాసులో చింతపిక్కలు పెడతాం. ఒక్కొక్కరి దగ్గర పన్నెండు పెట్టెల స్టాకు ఉంటుంది. మిగిలిన ప్రతి పెట్టెకూ వారానికి అర డాలరు ఖర్చు, ఇవ్వలేకపోయిన ప్రతి పెట్టెకూ ఒక డాలరు. ఆర్డరు చీటీ పైకి వెళ్లి, సరుకు దిగేసరికి నాలుగు వారాలు పడుతుంది. మాట్లాడుకోకూడదు. చీటీలే మాట్లాడాలి.

కస్టమరు వారానికి నాలుగు పెట్టెలు అడుగుతుంటాడు. అయిదో వారం ఎనిమిది అడుగుతాడు. కొట్టువాడి స్టాకు కరగడం మొదలవుతుంది. కంగారుపడి పన్నెండు రాస్తాడు. సరుకు రాదు, పదహారు రాస్తాడు. హోల్‌సేలర్ దానికి ఇంకొంత కలుపుతాడు. ఫ్యాక్టరీ దగ్గరికి చేరేసరికి అది వరద. తీరా సరుకంతా ఒక్కసారి దిగాక, చీటీల మీద వారాల తరబడి సున్నాలే. చింతపిక్కలు గళ్లు దాటి పొర్లుతుంటాయి. ఎదురుగా కూర్చున్న స్నేహితుణ్ణే పిల్లలు దోషిలా చూస్తారు.

ఆట ఆపి, కస్టమరు ఏ వారం ఎంత అడిగాడో గ్రాఫు గీయమంటాను. దాదాపు అందరూ కొండలూ లోయలూ గీస్తారు. అప్పుడు కస్టమరు కార్డులు తిప్పి చూపిస్తాను. నాలుగు వారాలు నాలుగు, ఆ తర్వాత చివరిదాకా ఎనిమిదే. మారింది ఒక్కసారి. మిగతా తుఫానంతా బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు పుట్టించిందే.

ఎంఐటీకే చెందిన జాన్ స్టెర్మన్ ఇలాంటి ఆటల ఫలితాలు విశ్లేషించి 1989లో ప్రచురించారు. జట్లకు సగటున అయిన ఖర్చు, కనీసంగా అయ్యేదానికి దాదాపు పది రెట్లు. తెలివికేం తక్కువలేని మనుషులు వాళ్లు. ఆలస్యం ఉన్న వ్యవస్థలో, దారిలో ఉన్న సరుకును లెక్కలో వేసుకోవడం మరిచిపోతాం. 2020లో శానిటైజర్లు ముందు దొరక్క, ఆ తర్వాత గోడౌన్లలో పేరుకుపోయినప్పుడు, నా పాత విద్యార్థులకు కారణం విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు క్లాసులో ఆట అంటే యాప్‌లో పాయింట్లు, బ్యాడ్జీలు, ర్యాంకుల పట్టిక అనుకుంటున్నారు. బీర్ గేమ్‌లోనూ పందెం ఉంది. తలా ఒక డాలరు వేస్తే, అతి తక్కువ ఖర్చుతో ముగించిన జట్టుకే మొత్తం దక్కేది. పందెం విద్యార్థిని బల్ల దగ్గర కూర్చోబెడుతుంది, అంతే. పాఠం పుట్టేది ఆట ముగిశాక, తన చీటీలు తానే ముందేసుకుని 'ఎందుకిలా రాశాను' అని ప్రశ్నించుకునే ఆ గంటలో. కాలేజీలు ఆటకు ఒక పీరియడు ఇచ్చి బెల్లు కొట్టేస్తే ఆ గంటే పోతుంది. ఫారెస్టర్ మొదలుపెట్టిన పని నిలబడాలంటే, ఆటకు ఎంత సమయం ఇస్తామో తర్వాతి చర్చకూ అంత ఇవ్వాలి.