నీటిలోని వృక్ష ఈస్ట్రోజన్లు: చేప మెదడు

వృక్ష ఈస్ట్రోజన్లు మొక్కల్లో తయారయ్యే రసాయనాలు. నిర్మాణంలో జంతువుల ఈస్ట్రోజన్ హార్మోన్‌ను పోలి ఉండటంతో ఆ హార్మోన్ గ్రాహకాలకు ఇవీ అతుక్కుంటాయి. సోయాలో జెనిస్టీన్, డైడ్జీన్, క్లోవర్ మేతలో ఫార్మోనోనెటిన్, కలపలో బీటా సిటోస్టెరాల్ ఉంటాయి. డైడ్జీన్‌ను పేగుల్లోని బ్యాక్టీరియా ఈక్వాల్‌గా మారుస్తుంది. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో క్లోవర్ మేసిన గొర్రెలు చూలు కట్టకపోవడంతో ఈ రసాయనాల మీద శాస్త్రవేత్తల దృష్టి పడింది. చేపల సంగతి చాలాకాలం తర్వాత గానీ పట్టించుకోలేదు.

కాగితపు మిల్లుల వ్యర్థజలాలు, మురుగునీటి శుద్ధి కేంద్రాలు, పొలాల నుంచి, పశువుల పెంట నుంచి కొట్టుకొచ్చే నీరు వీటిని వాగుల్లోకి, నదుల్లోకి చేరుస్తాయి. చేప వీటిని తినాల్సిన పనిలేదు. మొప్పల గుండా నేరుగా రక్తంలోకి వెళ్తాయి.

మెదడు మీద ప్రభావం ఎందుకంటే, ఎముక చేపల మెదడులో అరోమటేజ్ అనే ఎంజైము క్షీరదాల్లో కంటే ఎన్నో రెట్లు చురుగ్గా పనిచేస్తుంది. టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మార్చేది ఇదే. మెదడులో ఇది రేడియల్ గ్లియా కణాల్లో ఉంటుంది. పెద్ద చేపల్లో సైతం కొత్త నాడీకణాలు పుట్టేది ఆ కణాల నుంచే. ఈ ఎంజైము జన్యువును ఈస్ట్రోజనే మేల్కొలుపుతుంది. జీబ్రా చేపల్లో జెనిస్టీన్ కూడా ఆ పని చేయగలదని ప్రయోగాలు చూపాయి.

నాడీ ప్రసారకాల మీద ప్రభావాన్ని సూటిగా కొలిచిన పరిశోధన అమెరికాలోని ఆమ్‌హర్స్ట్ కాలేజీలో ఈథన్ క్లాట్‌ఫెల్టర్ బృందానిది. వారు ఎంచుకున్నది అక్వేరియం దుకాణాల్లో గాజు సీసాకు ఒకటి చొప్పున అమ్మే ఫైటర్ చేప, అంటే థాయ్‌లాండ్‌కు చెందిన బెట్టా. అద్దం ఎదురుగా పెడితే మగ బెట్టా తన నీడనే శత్రువనుకుని మొప్పల మూతలు విప్పి, రెక్కలు విదిల్చి మీదికొస్తుంది. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం జెనిస్టీన్, ఈక్వాల్ కలిపిన నీటిలో ఉంచిన మగ చేపల్లో ఈ దూకుడు తగ్గింది. ఈతలో గానీ, కట్టిన నురగ గూడు పరిమాణంలో గానీ పెద్దగా తేడా లేదు.

2010లో అదే బృందం మెదడులోని నాడీ ప్రసారకాలను, అంటే డోపమైన్, నారెపినెఫ్రిన్, సెరోటోనిన్ అనే రసాయనాలను పరీక్షించింది. జెనిస్టీన్ తక్కువ మోతాదులోనూ ఎక్కువ మోతాదులోనూ ముందు మెదడులో డోపమైన్‌ను పెంచింది. ప్రకృతిలో కనిపించే మోతాదులో ఈక్వాల్ కూడా అంతే చేసింది. మోతాదు బాగా పెంచితే మాత్రం అదే ఈక్వాల్ వెనుక మెదడులో డోపమైన్‌ను, ముందు మెదడులో నారెపినెఫ్రిన్‌ను, సెరోటోనిన్‌ను తగ్గించింది. బీటా సిటోస్టెరాల్ తక్కువ మోతాదులోనే ముందు మెదడు నారెపినెఫ్రిన్‌ను, వెనుక మెదడు డోపమైన్‌ను దించింది. మార్పులు పెద్దవి కావని పరిశోధకులే రాశారు. అయినా వీటన్నిటినీ ఈస్ట్రోజన్ నకళ్లుగా ఒకే గాటన కట్టడం కుదరదని ఈ ఫలితాలు చెబుతున్నాయి. జెనిస్టీన్ ఈస్ట్రోజన్ గ్రాహకాలతో సంబంధం లేకుండా టైరోసిన్ కైనేజ్ ఎంజైములను కూడా అడ్డుకుంటుంది. కాబట్టి దాని ప్రభావమంతా హార్మోన్ దారిలోనే వచ్చిందనుకోనక్కరలేదు.

డోపమైన్ మారితే చేపకేమిటన్న ప్రశ్నకు సమాధానం మన హేచరీల్లోనే ఉంది. కార్ప్ జాతి చేపల్లో గుడ్ల విడుదలకు కావలసిన హార్మోన్ పిట్యూటరీ గ్రంథి నుంచి రాకుండా డోపమైన్ అడ్డుపడుతుంది. బొచ్చె, శీలావతి తల్లి చేపలకు ఇచ్చే ఓవాప్రిమ్ ఇంజెక్షన్‌లో డోంపెరిడోన్ కలిపేది ఈ అడ్డు తొలగించడానికే. అయితే బెట్టా ముందు మెదడులో కనిపించినదాన్ని తెచ్చి కార్ప్ పిట్యూటరీకి అంటగట్టడం తొందరపాటు. జాతీ వేరు, మెదడు భాగమూ వేరు.

కాగితపు మిల్లుల కథ ఇంకా చిక్కు. ఫ్లోరిడాలోని ఎలెవెన్‌మైల్ క్రీక్‌లో మిల్లు వ్యర్థాలు కలిసే నీటిలో ఆడ గంబూసియా చేపలకు మగ చేప లక్షణాలు వచ్చినట్లు 1980లో నమోదైంది. బీటా సిటోస్టెరాల్ వంటి మొక్కల స్టెరాల్స్‌ను బ్యాక్టీరియా పురుష హార్మోన్లుగా మారుస్తుందన్నది దీనికి ఒక వివరణ.

ఈస్ట్రోజన్ కాలుష్యాన్ని పట్టుకోవడానికి సాధారణంగా మగ చేపల రక్తంలో విటెల్లోజెనిన్ అనే గుడ్డు సొన ప్రోటీన్‌ను కొలుస్తారు. కాలేయం స్పందనను చూపే ఈ పరీక్ష మెదడులోని డోపమైన్, సెరోటోనిన్ మార్పులను చూపదు. వాటిని విడిగా కొలవాల్సిందే.