టికెట్టుకు పడిన చిల్లు

పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో రైలెక్కిన మనిషి ముక్కూ మొహం అతని టికెట్టు మీదే ఉండేవి. ఫొటోగా కాదు, చిల్లులుగా. జుట్టు లేత రంగుదా, కళ్లు నల్లవా, ముక్కు పెద్దదా అని టికెట్టు మీద అచ్చువేసిన వర్ణనల్లో ఆ ప్రయాణికుడికి సరిపోయే వాటి దగ్గర కండక్టరు చిల్లు పొడిచేవాడు. ఒకరి టికెట్టు మీద మరొకరు ప్రయాణించకుండా చేసిన ఏర్పాటది. అలాంటి టికెట్టుతో ప్రయాణించిన హెర్మన్ హాలరిత్ అనే ఇంజినీరు, తన లెక్కల యంత్రపు ఆలోచనకు బీజం అక్కడే పడిందని తర్వాత చెప్పుకున్నాడు.

ఈరోజు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఒక డేటా సైంటిస్టు ‘వివాహితుడు’, ‘రైతు’, ‘గుంటూరు’ లాంటి మాటలను ఒకట్లు, సున్నాలుగా మార్చి వర్గీకరణ మోడల్‌కి అందిస్తే ఆ పనిని వన్-హాట్ ఎన్‌కోడింగ్ అంటారు. ఆ పేరు డిజిటల్ సర్క్యూట్ల వాళ్ల నుంచి వచ్చింది. పని మాత్రం చాలా పాతది. చిల్లుంటే ఒకటి, లేకుంటే సున్నా.

హాలరిత్ 1860లో బఫలోలో పుట్టాడు. 1880 జనాభా లెక్కల కార్యాలయంలో పనిచేస్తూ, గుమాస్తాలు కాగితాల మీద గీతలు గీసి జనాన్ని కూడటం చూశాడు. ఆ లెక్క తేలడానికి ఏడెనిమిదేళ్లు పట్టింది. మళ్లీ లెక్కలు ముంచుకొస్తుండగా, లెక్క తేల్చే పద్ధతులకు పోటీ పెట్టారు. సెయింట్ లూయిస్ నగరంలోని కొన్ని ప్రాంతాల వివరాలే ముగ్గురు పోటీదారులకూ ఇచ్చారు. వాటిని పట్టికలుగా తేల్చడానికి మిగతా ఇద్దరికీ దాదాపు 44, 55 గంటలు పడితే హాలరిత్ యంత్రానికి ఐదున్నర గంటలు పట్టింది.

1890 లెక్కల్లో మనిషికో కార్డు. 24 నిలువు వరసలు, 12 అడ్డ వరసలు, మొత్తం 288 చోట్లు. ఆడ ఒక చోటు, మగ ఒక చోటు, పెళ్లయినవారికొకటి, వితంతువులకొకటి. కార్డును పెట్టి మీట నొక్కితే స్ప్రింగు సూదులు దిగుతాయి. చిల్లున్న చోట సూది కిందున్న పాదరసపు గిన్నెను తాకుతుంది, కరెంటు పారుతుంది, గోడ గడియారంలాంటి డయల్ ఒక్క అంకె ముందుకు జరుగుతుంది. అంతకన్నా తెలివైన ఏర్పాటు రిలేలనే విద్యుత్ స్విచ్చులది. ‘స్వదేశంలో పుట్టిన తెల్లజాతి పురుషుడు’ అన్నట్టు రెండు మూడు చిల్లులు కలిసినప్పుడే కదిలేలా డయల్‌ను బిగించవచ్చు. లక్షణాల కలయికను విడిగా ఒక లక్షణంగా చూడటమన్న నేటి మోడళ్ల ఉపాయం అప్పటికే తీగల్లో ఉంది.

చిల్లులెందుకు, వర్గానికో నంబరు ఇస్తే సరిపోదా? ఇక్కడే అసలు కిటుకు ఉంది. 1972 ఆగస్టు 15న మన దేశంలో వచ్చిన పిన్‌కోడ్‌నే తీసుకోండి. హైదరాబాదు జీపీవోది 500001, విశాఖపట్నానిది 530001. రెండింటినీ కలిపి సగం చేస్తే 515001. అది అనంతపురం! హైదరాబాదుకూ విశాఖకూ నడిమధ్యన అనంతపురం ఉందంటే మ్యాపు చూసినవాడెవడూ ఒప్పుకోడు. కానీ పిన్‌ను అంకెగా అందుకున్న మోడల్ ఒప్పుకుంటుంది. పిన్‌కోడ్ చూడటానికి అంకె, నిజానికి పేరు. ప్రాథమిక, హైస్కూలు, డిగ్రీ అన్నప్పుడు మెట్ల వరస ఉంది కాబట్టి 1, 2, 3 అనడంలో కొంత న్యాయముంది. ఊళ్లకు, మతాలకు, వృత్తులకు ఆ న్యాయం లేదు.

గణాంకవేత్తలు ఈ ఒకటి-సున్నా ఉపాయాన్ని తమ సమీకరణాల్లోకి డమ్మీ వేరియబుల్ పేరుతో తెచ్చుకున్నారు. డేనియల్ సూట్స్ 1957లో రాసిన వ్యాసం దీన్ని శుభ్రంగా వివరించింది. సమీకరణంలో స్థిరాంకం ఉన్నప్పుడు నాలుగు వర్గాలకు మూడు కాలమ్‌లే పెట్టాలి. ఆ మూడూ సున్నాలైతే నాలుగోదని తెలిసిపోతుంది. నాలుగూ పెడితే లెక్కకు ఒకే జవాబు రాదు. పిన్‌కోడ్‌లా 19,000కు పైగా వర్గాలుంటే కాలమ్‌ల పద్ధతి బరువైపోతుంది. దానికి 2001లో డానియేలే మిచ్చి-బరేకా ఒక దారి చూపాడు: వర్గం పేరు స్థానంలో ఆ వర్గంలోని ఫలితాల సగటు పెట్టడం, ఉదాహరణలు తక్కువగా ఉన్న వర్గాన్ని మొత్తం సగటు వైపు లాగడం. జాగ్రత్తగా వాడకపోతే తేల్చాల్సిన జవాబే ప్రశ్నలోకి జారిపోయే ప్రమాదం ఇందులో ఉంది.

అయితే ఎలా మార్చాలన్నదానికన్నా ముందు ఏ పేర్లు జాబితాకెక్కాలన్నది పెద్ద ప్రశ్న. 1890 కార్డులో జాతికి ఎనిమిది చోట్లు. తెల్ల, నల్ల, చైనీయ, జపనీయ, అమెరికన్ ఇండియన్‌లతో పాటు ములాటో, క్వాడ్రూన్, ఆక్టరూన్. నల్లజాతి రక్తం నాలుగో వంతుంటే క్వాడ్రూన్, ఎనిమిదో వంతో అణుమాత్రమో ఉంటే ఆక్టరూన్. గుమ్మం ముందు నిలబడిన ఎన్యూమరేటరు ఒక తల్లిని చూసి ఆమె ముత్తాతల రక్తాన్ని వంతులేయాలి! చూపుతో తేలని దాన్ని యంత్రం మాత్రం తడబడకుండా లెక్కపెట్టింది. 1900 లెక్కలకు ఆ మూడు వర్గాలనూ తీసేశారు. ఆ అన్యాయం పాదరసానిది కాదు, జాబితా రాసినవాళ్లది.

మన దగ్గర 1901 లెక్కల్లో యంత్రం లేదు, స్లిప్పులున్నాయి. బవేరియా నుంచి తెచ్చుకున్న ఆ పద్ధతిలో మనిషికో చీటీ. చీటీ రంగు మతాన్ని చెబితే, దాని మీది గుర్తు ఆడో మగో, పెళ్లయిందో లేదో చెప్పేది. గుమాస్తాలు వాటిని గూళ్లలో వేసి లెక్కపెట్టేవాళ్లు. అక్కడా పని అదే, మాటను ఒక చోటుగా మార్చడం.

పేర్ల జాబితా మాత్రం మారుతూ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు డేటాతో తయారైన మోడల్‌కి ‘కోనసీమ’ అనే కాలమ్ తెలియదు. అలాంటి కొత్త పేరు వస్తే పట్టించుకోవద్దని ప్రోగ్రాములో సర్దుబాటు చేస్తే జిల్లా గడులన్నిటిలో సున్నాలు పడతాయి. మోడల్ ఆ మనిషికి జిల్లా లేనట్టుగానే జవాబు చెప్పేసి ముందుకు పోతుంది. హాలరిత్ యంత్రంలో ఇలాంటి పొరపాటును పట్టుకోవడానికి ఒక గంట ఉండేది. కార్డు సరిగా నమోదైతే అది మోగేది. మోగలేదంటే గుమాస్తా ఆ కార్డును పక్కకు తీసి, ఏ చిల్లు తప్పిపోయిందో కళ్లతో వెతికేవాడు.