గజం లెక్క, అడుగు లెక్క: పట్నంల ఇంటి ధర చదువుడెట్ల

"హైదరాబాద్‌ల ఇండ్ల ధరలు ఎట్లున్నయన్నా?" అని ఊర్లకెళ్లి పిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటరు. ఏ ధర అని నేను తిరిగి అడుగుత. ఎందుకంటె పట్నంల ఒకే ఇంటికి నాలుగు ధరలుంటయి. హోర్డింగు మీద రాసింది ఒకటి. అమ్మెటోడు, కొనెటోడు మాట్లాడుకున్నది ఇంకొకటి. రిజిస్ట్రేషన్ కాయిదంల ఎక్కింది మూడోది. సర్కారు పెట్టిన మార్కెట్ విలువ నాలుగోది. పేపర్లల్ల వచ్చే 'సగటు ధర' గీ నాలుగిట్ల ఏదో ఒకదాని మీద కట్టిన లెక్క. అదేందో చూడకుండ వాట్సాప్‌ల పంపితె మనం జీతం లేని ఏజెంటు పని చేసినట్టే.

ముందుగాల కొలతలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, అంటె ఎకరం 4,840 గజాలు. గజానికి 9 చదరపు అడుగులు. పట్నంల జాగ గజాల్ల అమ్ముతరు, ఫ్లాటు అడుగుల్ల అమ్ముతరు. ఊరోళ్లు ఎక్కువ మోసపోయేది గీ రెంటి నడుమనే.

2021 జూలైల కోకాపేటల సర్కారు భూములు వేలమేస్తె ఎకరం అన్నిటికంటె ఎక్కువ 60 కోట్ల 20 లక్షలు పలికింది. 2023 ఆగస్టుల అదే కోకాపేటల 100 కోట్ల 75 లక్షలు. 2025 అక్టోబర్‌ల రాయదుర్గంల 177 కోట్లు. గజాలల్లకు మార్చి చూడుండ్రి: 1 లక్ష 24 వేలు, 2 లక్షల 8 వేలు, 3 లక్షల 65 వేలు. వేలం వార్త వచ్చిన తెల్లారి చుట్టుపక్కల రేట్లన్నీ లేస్తయి. పాతికేండ్ల కింద అగ్గువకు కొన్నోడు గూడ పెంచుతడు. ఆయనకేం ఖర్చు పెరిగింది? ఏం పెరగలే. సర్కారే పెద్ద పాటగాడై పాట పెంచినంక, పేదోనికి ఇల్లు అందుతలేదని అదే సర్కారు బాధపడుడు నాకు నవ్వొస్తది. పార్టీ ఏదైనా గంతే.

ఇగ ఏరియాల ముచ్చట. 1998ల సైబర్ టవర్స్ తెరిచినప్పటి సంది కొలువులు పడమర దిక్కుకే పోయినయి. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, ఇప్పుడు కోకాపేట, నార్సింగి. అక్కడ కొత్త టవర్ల ఫ్లాటు అడుగు తొమ్మిది, పది వేల మీదనే చెప్తున్నరు. తూర్పున ఉప్పల్, నాగోల్, ఎల్బీనగర్ దిక్కు ఆరు వేలకు అటు ఇటు. ఉత్తరాన నిజాంపేట, బాచుపల్లి సుత ఐదారు వేల కాడనే దొరుకుతయి. ఇవన్నీ బోర్డు ధరలు, గల్లీ గల్లీకి మారుతయి.

మెట్రో వస్తె ధర పెరుగుతదంటరు. కని నాగోల్‌ల ఎక్కితె రాయదుర్గంల దిగొచ్చు, లైను ఒక్కటే. కొసకూ కొసకూ ధరల మాత్రం పొంతనే లేదు. ధరను గుంజుకపొయ్యేది రైలు కాదు, జీతం. ఇంకొక కారణం ఎవరూ ఎక్కువ మాట్లాడరు. 2006ల వచ్చిన 86 నంబరు జీవోతోటి ఇంత జాగల ఇన్ని అంతస్తులే కట్టాలె అనే పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ జాగ వంటి నియమాలు మిగిలినయి. అందుకే కోకాపేటల మెడ నొప్పొచ్చెదాక పైకి చూడాలె.

పాతబస్తీ కథ వేరే. అక్కడ గజాల లెక్కన సొంత ఇండ్ల బేరాలే ఎక్కువ. అండ్ల శానా మటుకు నోటరీ కాయిదాల మీదనే నడుస్తయి. రిజిస్ట్రార్ ఆఫీసుకు పోని బేరం ఏ లెక్కకూ ఎక్కదు. అంటె 'హైదరాబాద్ సగటు' అని మనకు చూపించే దాంట్ల చార్మినార్ చుట్టు బతికే లక్షల మంది సరిగ లేనే లేరు.

రిజిస్ట్రేషన్ లెక్క మీద గూడ పూర నమ్మకం పెట్టొద్దు. తెలంగాణల సర్కారు విలువలు 2021 జూలైల, మళ్ల 2022 ఫిబ్రవరిల సవరించిన్రు. అసలు ధర దానికంటె ఎక్కువున్న కాడ, మిగిలింది నగదుగ చేతులు మారుతది. కాయిదంల అరవై లక్షలుంటె బేరం తొంభైకి అయ్యుండొచ్చు. బ్యాంకు లోన్ కాయిదం చూసే ఇస్తది గనుక, ఆ నగదు కోసమే ఊర్ల ఎకరం అమ్మాల్సొస్తది.

ఒక ఫ్లాటు లెక్క ఏద్దాం. బోర్డు మీద 1,500 అడుగులు, అడుగుకు 6,500. అంటె 97 లక్షల 50 వేలు. ఆ 1,500ల మెట్లు, లిఫ్టు, కారిడారు వాటా కలిపి ఉంటది. తలుపు లోపట కాలు పెట్టేది, అంటె కార్పెట్ ఏరియా, సుమారు 1,050 అడుగులనుకోండ్రి. అప్పుడు అసలు ధర అడుగుకు 9,286. ఇంకా కడుతున్న ఇల్లయితె జీఎస్టీ 5 శాతం, రిజిస్ట్రేషన్ 7.5 శాతం, రెండూ కలిపి 12 లక్షల 19 వేలు. మొత్తం కోటీ 10 లక్షల దగ్గరికొచ్చె. పార్కింగు, క్లబ్ హౌజు, కార్పస్ ఫండు, పై అంతస్తుకు అదనం, తూర్పు ముఖానికి అదనం ఇంకా కలపనే లేదు. అంతా కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఇంటికి జీఎస్టీ ఉండదు.

అండ్ల మీ పేరు మీదికొచ్చే నేల ఎంత? దాన్ని యూడీఎస్ అంటరు. ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంటుల 50 గజాలొచ్చే కాడ, పెద్ద టవర్ల 30 గజాలు గూడ రాకపోవచ్చు. బిల్డింగు ఏటా పాతవడుతది, విలువ పెరిగేది నేలకే. ధర అడిగినోళ్లు శానా మందే గని, యూడీఎస్ ఎంత అని అడిగినోళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అన్నిటికంటె అగ్గువ కనవడేది 'ప్రీ లాంచ్'. అడుగు మూడు వేలకే, మొత్తం పైసలు ఒక్కసారే కట్టాలె అంటరు. ఊరోళ్లకు ఇదే ఆశ. ఎకరమమ్మిన పైసలు చేతిల ఉంటయి, ఈఎంఐ భయం ఉంటది గద. కని 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల జాగ దాటినా, 8 ఫ్లాట్లు దాటినా, రెరాల రిజిస్టర్ చెయ్యకుండ ప్రకటన గూడ ఇయ్యొద్దు. అమ్మకం అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందు 10 శాతం కంటె ఎక్కువ తీసుకోవద్దు. అంటె ఆ 'ఆఫరే' చట్టం తప్పుడు. ఇట్ల కట్టి, పునాది గుంత గూడ తవ్వని జాగ ముందట నిలవడ్డ కుటుంబాలను నేను ధర్నాలల్ల కలిసిన. వాళ్ల చేతిల మిగిలింది రశీదు, అగ్గువ ధర రాసిన రంగుల కాయిదం.

ఎవరన్న మీ ఇంటోళ్లకు ధర చెప్తె అడగాల్సినయి కొన్నే. రెరా నంబరు, కార్పెట్ ఏరియా, యూడీఎస్. చెరువు పక్కనయితె ఎఫ్‌టీఎల్, బఫర్ హద్దు ఎక్కడిదాక ఉన్నదో: 10 హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9. తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటుల ఈసీ తీయుండ్రి. 1983 సంది ఆ జాగ ఎవరు ఎవరికి అమ్మిన్రో, కాయిదంల ఎంత రాసిన్రో అండ్ల కనవడుతది. ఫోన్‌లనే పదినిమిషాల పని, రిజిస్ట్రార్ ఆఫీసు ముందట దళారిని వెతుక్కునే అవుసరం లేదు.