మింటి దారిలో ప్రాణవాయువు

చండ్రుగొండ కొత్తగూడెమునకును సత్తుపల్లికిని నడుమ, అడవి అంచున ఉన్న ఊరు. ఇటువంటి ఊళ్లనుండి చదువులకై, కొలువులకై సముద్రములు దాటిన బిడ్డలు నేడెందరో కలరు. వారిని చూడబోవు తల్లిదండ్రులలో పొయ్యిపొగకో, బొగ్గుధూళికో, చుట్టలకో ఊపిరితిత్తులు చెడినవారును కలరు. ఇంటివద్ద నాలుగడుగులు వేసి ఆయాసపడు మనిషి విమానములో పది గంటలు కూర్చుండగలడా? ఈ ప్రశ్నకు బదులు దొరకుటకు వెనుక పెద్ద కథ నడచినది.

1774లో ఇంగ్లండున ప్రీస్ట్లీ ఎర్రని పాదరస భస్మమును కాచి ఒక వాయువును పట్టెను. స్వీడనున షీలే దానిని అంతకు ముందే వేరుగా కనుగొనియుండెను. మనము దానిని ప్రాణవాయువు అంటిమి. పేరు ఎంత తగినదో లోకమునకు ఒక విషాదము వలన తెలిసినది.

1875 ఏప్రిల్ 15న ఫ్రాన్సున క్రోచె స్పినెల్లి, సివెల్, టిసాండియే అను మువ్వురు జెనిత్ అను బెలూనులో ఎగిరిరి. ప్రాణవాయువు కలిపిన గాలిసంచులు వెంటనే ఉన్నవి. ఎనిమిది వేల మీటర్ల ఎత్తు సమీపించుసరికి వారి చేతులు కదలలేదు. గొట్టము నోటికి అందుకొనలేకపోయిరి. టిసాండియే ఒక్కడే బ్రతికి దిగెను. కారణమును పాల్ బేర్ అను శాస్త్రజ్ఞుడు 1878లో తన గ్రంథమున నిరూపించెను. ఎత్తునకు పోయినను గాలిలో ప్రాణవాయువు పాలు నూటికి ఇరువదియొకటియే; తగ్గునది గాలి ఒత్తిడి. ఒత్తిడి తగ్గినకొలది రక్తమునకు చేరు వాయువు తగ్గును.

మన హైదరాబాదునుండి 1945లో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటా విమానములలో లోపలి గాలికి ఒత్తిడి కల్పించు ఏర్పాటు లేదు; అవి తక్కువ ఎత్తుననే ఎగిరెడివి. 1940లో అమెరికాలో ప్రయాణికులనెక్కించుకొన్న బోయింగ్ స్ట్రాటోలైనరు మొదలుకొని లోపల ఒత్తిడి నిలుపు విమానములు వచ్చినవి. అయినను ఆ ఒత్తిడి నేలమీది ఒత్తిడి కాదు. బయట ముప్పదియైదు వేల అడుగులున్నప్పుడు లోపల ఎనిమిది వేల అడుగుల కొండమీది గాలివలె ఉండవచ్చును. అనగా ఉదకమండలముకంటె కొంచెము పైన కూర్చున్నట్లు. ఆరోగ్యవంతునకు ఇది తెలియదు. నేలమీదనే చాలీచాలని ఊపిరి గలవానికి ప్రమాదము.

పైనుండి జారిపడు ముసుగులున్నవి కదా అని కొందరందురు. అవి లోపలి ఒత్తిడి హఠాత్తుగా పోయినప్పుడు, విమానము క్రిందికి దిగువరకు, కొద్ది నిమిషములకు మాత్రమే. రోగికి దారిపొడవునా పనికిరావు. ఇంటి సిలిండరు తీసికొనిపోదుమన్న సాధారణముగా ఒప్పుకొనరు. ప్రాణవాయువు తాను మండకున్నను మంటను పెంచును. 1996 మే 11న ఫ్లోరిడాలో ఆక్సిజన్ పుట్టించు పాత పరికరములను సామానులో వేయగా నిప్పు రేగి, విమానము కూలి 110 మంది మరణించిరి.

దారి చూపినది మరియొక పరికరము. గాలిలోని నత్రజనిని జియోలైటు అను ఖనిజమున పట్టి, ప్రాణవాయువును చిక్కపరచి ఇచ్చు చేతిపెట్టె ఇది. 2005లో అమెరికా విమానయాన శాఖ దీనిని ప్రయాణికులు వాడుటకు మొదట అనుమతించినది. తరువాత ఇతర దేశములును అంగీకరించినవి. కొన్ని సంస్థలు తామే సిలిండరు సమకూర్చును, కొన్ని సమకూర్పవు. కనుక టికెట్టు కొనకముందే అడుగవలెను.

వైద్యుడు నూటికి పదునైదు పాళ్లు మాత్రమే ప్రాణవాయువున్న గాలిని కొంతసేపు పీల్పించి, రక్తములో అది ఎంత తగ్గునో నేలమీదనే పరీక్షింపగలడు. ఆయన నింపిన పత్రము విమానసంస్థ వైద్యులకు ముందుగా చేరవలెను. పెట్టెకు బ్యాటరీలు ప్రయాణకాలమునకు ఒకటిన్నర రెట్లు ఉండుట మేలు. చండ్రుగొండనుండి శంషాబాదు చేరు రోడ్డుదారికి, విమానాశ్రయమున నిరీక్షణకు, నడుమ విమానము మారుచోటికి కూడ లెక్క వేసికొనవలెను. సంస్థ ఇచ్చు వాయువు విమానములోనికే.

టికెట్టు నిరాకరింతురను భయమున జబ్బు దాచువారు కలరు. జెనిత్ కథ వారు మరువరాదు. ఆనాడు ప్రాణవాయువు లేక కాదు ఆ ఇరువురు పోయినది. తలపైననే వ్రేలాడుచున్నది సమయమునకు అందక. ముందుగా చెప్పుకొన్న జబ్బు సిగ్గు కాదు. మనుమలను చూచుటకు అదియే దారి.