మూడు చాపల బడి

ఆత్మకూరులో మారి ఎక్కిన బస్సు అనుమసముద్రంపేటలో ఆగింది. దిగినవాళ్లలో ఎక్కువమంది దర్గాకే పోతారు. ఖాజా రహంతుల్లా నాయబ్ రసూల్ సన్నిధిలో నిద్ర చేస్తే జబ్బులు నయమవుతాయని నమ్మి, ఎక్కడెక్కడి నుంచో రోగులను వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు వాళ్లంతా. మీరు పూల అంగళ్లు దాటి, జనం తగ్గిన దారిలోకి తిరిగారు. పిల్లల గోల వినిపించే వైపు నడిచారు. ఎదురుగా మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. పేరు అడగకండి. ఆత్మకూరు, ఉదయగిరి మధ్య ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులు నడిచే ఏ బడి అనుకున్నా సరే.

ప్రార్థన అయిపోయింది. రోజూ అయితే ఎవరి తరగతిలోకి వాళ్లు పోవాలి. ఈ పూట మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు వరండాలోనే ఉన్నారు. వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని మేడం కూర్చుంది. ఒళ్లో ఒకే ఒక కాగితం. ఒక్కో పిల్లను పేరు పెట్టి పిలుస్తోంది. మిగతావాళ్లకు వినపడనంత దూరం. మీరు ఆమె వెనక స్టూలు మీద కూర్చున్నారు.

నాలుగో తరగతి పిల్లాడు వచ్చాడు. కాగితం మీద నాలుగు వాక్యాల పేరా ఉంది. ఒకటో తరగతి స్థాయిది. వాడు దాని వంక చూశాడు, మీ వంక చూశాడు, వేపచెట్టు వంక చూశాడు. మేడం తొందరపెట్టలేదు. కాసేపు ఆగి వేలు కిందికి జరిపింది. అక్కడ విడి మాటలు. మేక, వల, కోడి, పిల్లి, జొన్న. ఐదింట్లో నాలుగు చదివితే పదాల స్థాయి. వాడు 'మేక' దగ్గర "మే..." అని ఆగిపోయాడు. వేలు ఇంకా కిందికి జరిగింది. ఇప్పుడు విడి అక్షరాలు. 'ప'ను 'వ' అన్నాడు. 'మ'ను 'య' అన్నాడు.

"బాగా చెప్పావు అబ్బయ్యా. పో, ఆ మొదటి చాప మీద కూర్చో."

వాడు పరుగెత్తాడు. మేడం మీ వైపు తిరిగి మెల్లగా అంది: "వీడు నిన్న తెలుగు పాఠం గడగడా అప్పచెప్పాడండీ. పుస్తకం తెరిచే ఉంది. వేలు మాత్రం ఇంకో లైను మీదుంది. వినీ వినీ మొత్తం నోటికి వచ్చేసింది వాడికి."

ఆ వేలు ఒకటి చాలు, ఈ ఏర్పాటంతా ఎందుకో చెప్పడానికి. నాలుగేళ్లుగా వాడు తరగతులు మారుతున్నాడు. పుస్తకాలు లావెక్కుతున్నాయి. వాడి చదువు మాత్రం 'మ', 'య' దగ్గరే నిలబడి ఉంది. పదిమందితో కలిసి గొంతు కలిపితే ఎవరికీ దొరకడు.

పరీక్ష ముగిసేసరికి మూడు చాపలూ నిండాయి. మొదటి దాని మీద అక్షరాలు రానివాళ్లు, అక్షరాల దగ్గర ఆగినవాళ్లు. రెండో దాని మీద మాటలు చదివేవాళ్లు. మూడో దాని మీద పేరా, కథ చదివేవాళ్లు. మొదటి చాప మీద ఐదో తరగతి పిల్లలూ ఉన్నారు. మూడో చాప మీద మూడో తరగతి పాప ఒకతె కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

ఆ కాగితం ఈ బడిలో పుట్టింది కాదు. 1995లో ముంబయిలో మొదలైన ప్రథమ్ సంస్థ ఊరూరా తిరిగి పిల్లల చదువును కొలవడానికి వాడే అసర్ సర్వే పద్ధతి అది. ఆ సంస్థ తోడ్పాటుతోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోకి 'టీచింగ్ ఎట్ ది రైట్ లెవెల్' వచ్చింది. టీచర్ల నోట్లో అది 'టార్ల్'. వయసును, తరగతిని పక్కనపెట్టి, పిల్ల ఎక్కడుందో అక్కడి నుంచి మొదలుపెట్టడం దాని పని. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పల్లె బడుల కోసం 'రివర్' కేంద్రం ఇంతకు ముందే ఇంకో దారి వేసింది. చదువును చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, కార్డులు తయారుచేసి, ఎవరి వేగంతో వాళ్లు ఎక్కేలా చేసింది.

అమెరికా బడుల్లో ఈ ఆలోచనకు మూడు అంచెల రూపం ఉంది. 2004లో అక్కడి ప్రత్యేక విద్యా చట్టాన్ని సవరించాక బాగా పాకింది. మొదటి అంచెలో తరగతి మొత్తానికీ మంచి బోధన. దానితో అందుకోలేని కొద్దిమందికి చిన్న గుంపుల్లో రెండో అంచె. ఇంకా మిగిలిన ఒకరిద్దరికి విడిగా మూడో అంచె. నూటికి ఎనభై మంది మొదటి అంచెతోనే సరిపెట్టుకుంటారని అక్కడ లెక్క వేస్తారు. ఆ లెక్కను ఇక్కడికి తెచ్చి చూడండి. 2022 అసర్ ప్రకారం గ్రామీణ ఆంధ్రలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 10.3 మంది. కరోనాకు ముందు, 2018లో, 22.6. దేశం మొత్తం మీద అదే 27.3 నుంచి 20.5కు జారింది. ఆ అంచెల పిరమిడ్ ఇక్కడ తలకిందులుగా నిలబడి ఉంది. 'కొద్దిమంది'ని పక్కకు తీసి కూర్చోబెడదామంటే తరగతిలో ఎవరూ మిగలరు. అందుకే ఈ బడి తరగతినే గంటసేపు విప్పేసింది.

గంట మొదలైంది. హెడ్మాస్టరు రెండో చాప దగ్గరికి వెళ్లాడు. మూడో చాపను ఐదో తరగతి అమ్మాయి నడుపుతోంది. కథ ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు ప్రశ్నలు కడుతున్నారు. మేడం మొదటి చాప మీద పిల్లల మధ్యే కూర్చుంది. ముందు ఈ ఏర్పాటు ఇలా లేదు. పెద్ద తరగతులు హెడ్మాస్టరుకు, రానివాళ్లు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకు. మేడమే పట్టుబట్టి మార్పించింది. "బాగా చదివేవాళ్లు నేను లేకున్నా చదువుతారు సార్. వీళ్లకే నేను కావాల్సింది," అని.

ఆమె పుస్తకం తియ్యలేదు. "మేక ఏం తింటదిరా?" అని అడిగింది.

"వేప మండ మేడం!" "తుమ్మకాయలు!" "మా మేక చీర తినింది మేడం!"

చాపంతా నవ్వు. చెప్పిన ప్రతి మాటనూ ఆమె బోర్డు మీద 'మేక' చుట్టూ రాసింది. తర్వాత రెండు వాక్యాల కథ వేలు పెట్టి చదివింది. పిల్లలు వేళ్లు పెట్టి వెంట చదివారు. ఆ తర్వాత గుణింతాల చార్టు. 'మే' ఎక్కడుంది? 'క' ఎక్కడుంది? చాక్‌పీసుతో నేల మీద అక్షరాలు రాస్తే, పిల్లలు ఒక్కో అక్షరం మీదికి గెంతుతూ మాట కట్టారు. ఇందాకటి నాలుగో తరగతి పిల్లాడు 'మే' మీద నిలబడ్డాడు. 'క' కోసం వెతుకుతున్నాడు. పక్కవాళ్లు చెప్పబోతే మేడం పెదాల మీద వేలు పెట్టింది. వాడు తప్పుగా 'త' మీదికి గెంతాడు. "మేత!" అని తనే పైకి చదువుకున్నాడు. అదీ ఒక మాటే. మేడం చప్పట్లు కొట్టింది.

చాప చివర ఒక పాప అన్నీ సరిగ్గా పలుకుతోంది. మే, క, మేక. ఒక్క తప్పు లేదు. "మేక అంటే ఏందమ్మా?" అని అడిగితే మాత్రం మాట లేదు. దర్గా వీధి పిల్ల, ఇంట్లో ఉర్దూ. పక్కనున్న పిల్లాడు గబుక్కున, "బక్రీ!" అన్నాడు. పాప కళ్లు వెలిగాయి. మేడం తన కాగితంలో పాప పేరు పక్కన చుక్క పెట్టుకుంది. అక్షరాల లెక్కలో ఈ పాప రేపో మాపో రెండో చాపకు పోతుంది. కానీ ఈమెకు కావాల్సింది తెలుగులో కబుర్లు. ఆ సంగతి పరీక్ష కాగితం చెప్పదు, పక్కన కూర్చున్న మనిషే చెప్పాలి.

కబుర్లలోంచి చదువు పుట్టడం ఈ మెట్టప్రాంతానికి కొత్త కాదు. కలిగిరి మండలం దూబగుంట ఈ చుట్టుపక్కలే. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో సాక్షరతా ఉద్యమం నడిచినప్పుడు, రాత్రి బడుల్లో ఆడవాళ్లు చదివిన వాచకంలో తాగుడుతో చితికిన సంసారం గురించిన సీతమ్మ కథ ఉంది. అది వాళ్ల ఇంటి కథే. చదివినవాళ్లు చదివి ఊరుకోలేదు. 1992లో దూబగుంట మహిళ వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసేలా సారా అంగళ్ల మీదికి పోయారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. తమ బతుకు కనపడిన పాఠాన్ని జనం వదలరు.

గంట సగమయ్యేసరికి హెడ్మాస్టరు మీ పక్కన నిలబడ్డాడు. "నాలుగో తరగతిలో మూడు పాఠాలు మిగిలున్నాయండీ. సిలబస్ ఎప్పుడు చేయాల?" అని నిట్టూర్చాడు. ఇది ఈయన ఒక్కడి బాధ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో క్లిప్, క్లాప్స్ అంటూ వచ్చి పోయిన కార్యక్రమాలన్నీ చూసినవాడు. ప్రతిదానికీ శిక్షణ ఉండింది, చార్టులు ఉండినాయి. బీహారు, ఉత్తరాఖండ్ బడుల్లో జరిగిన అధ్యయనాలు ఈయన అనుభవానికే సాక్ష్యం చెబుతాయి. శిక్షణ, సామగ్రి ఇచ్చినా బడి నడిచే రోజుల్లో టీచర్లు మళ్లీ పాఠ్యపుస్తకంలోకే వెళ్లిపోయారు, పిల్లల చదువు పెద్దగా కదల్లేదు. బీహారులో 2008 వేసవి శిబిరాల్లో ప్రభుత్వ టీచర్లే చెప్పినప్పుడు కదిలింది. తేడా టీచర్లలో లేదు, చేతిలో సిలబస్ లేకపోవడంలో ఉంది. 2012-13లో హర్యానాలో ఆ కిటుకు పట్టుకున్నారు. రోజులో ఒక గంటను అధికారికంగా దీనికే కేటాయించి, పిల్లలను స్థాయిల వారీగా కూర్చోబెట్టి, పర్యవేక్షించేవాళ్లను బడికి పంపారు. హిందీ చదవడం మెరుగైంది. ఈ పరిశోధనల్లో పాలుపంచుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు 2019లో నోబెల్ వచ్చింది. ఇవన్నీ హెడ్మాస్టరుకు చెప్పబోయి ఆగిపోతారు మీరు. ఎందుకంటే ఆయన ఫోను మోగుతోంది. ఏదో ఫొటో అప్‌లోడ్ చేయమని. ఆయన దాన్ని జేబులోకి తోసి, రెండో చాప దగ్గరికి వెళ్లాడు. ఈ గంటలో ఫోను తియ్యకూడదన్నది మేడం పెట్టిన షరతు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇంకో పిల్లాడు గేటు దగ్గర కనిపించాడు. యానాది కాలనీ పిల్లాడు. జామాయిల్ కర్ర కొట్టే పనికి అమ్మానాన్నలతో పోయి, వారాల తర్వాత వచ్చాడు. "యాడికి పోయినావురా ఇన్నాళ్లు? చెప్పను కూడా లా," అంది మేడం, కోపం లేకుండా. తరగతి అయితే వీడిని వదిలేసి ఎన్నో పాఠాలు ముందుకు పోయి ఉండేది. చాప అలా పోలేదు. ఎక్కడ వదిలాడో అక్కడే అందుకోవచ్చు. అయినా గుంపులో ఇరవైమంది మధ్య వీడికి అందేది తక్కువ. వీడికి కావాల్సింది మూడో అంచె, అంటే ఒక మనిషి, ఒక పిల్లాడు, రోజూ కాసేపు. ఐదు తరగతులకు ఇద్దరే ఉన్న చోట ఆ మనిషి ఎక్కడి నుంచి వస్తాడన్నదానికి ఏ శిక్షణ పుస్తకంలోనూ జవాబు లేదు.

ఇప్పుడు కొన్ని వారాలు దాటించి, మళ్లీ పరీక్ష పెట్టిన సాయంత్రం దగ్గర ఆగండి. పిల్లలు వెళ్లిపోయారు. ఇద్దరూ బల్ల మీద కాగితాలు పరిచి కొత్త జాబితాలు రాస్తున్నారు. నాలుగో తరగతి పిల్లాడు ఐదు మాటల్లో నాలుగు చదివాడు, 'జొన్న'ను 'జొన' అన్నాడు. రెండో చాపకు. ఉర్దూ పాప రెండో చాపకే, చుక్కతో సహా. యానాది పిల్లాడు, ఇంకో పిల్ల మొదటి చాప మీదే.

"వీళ్లిద్దర్నీ కూడా పంపిచ్చేస్తే పోలా? పైవాళ్లు అడిగితే లెక్క బాగుంటది," అన్నాడు హెడ్మాస్టరు.

"లెక్క బాగుంటది సార్. వాడు మళ్లీ గుంపులో గొంతు కలపడం నేర్చుకుంటాడు, అంతే."

ఆయన కలం ఆపాడు. ఆ రెండు పేర్లూ మొదటి జాబితాలోనే రాశాడు.

ఈ బడికి రేపు అధికారి వస్తే మూడో చాప మీద ఎంతమంది ఉన్నారని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ బాగానే ఉంటుంది. అడగాల్సింది మొదటి చాప గురించి. పోయినసారి దాని మీద ఉన్నవాళ్లలో ఎవరెవరు లేచారు, ఎవరు లేవలేదు, లేవనివాళ్లకు రేపటి నుంచి ఏం మారుస్తున్నారు. చాప ఒక మజిలీగా ఉన్నంతకాలమే ఈ పద్ధతికి అర్థం. ఒకే పిల్లలు ఏడాదంతా దాని మీదే కూర్చుంటే అది ఇంకో వెనక బెంచీ అవుతుంది, పేరు మాత్రమే కొత్తది.

మేడం దగ్గర ఆ మూడో ప్రశ్నకు జవాబుంది. ప్రార్థనకు ముందు పదిహేను నిమిషాలు ఆ ఇద్దరూ ఆమెతో కూర్చోవాలి. తొందరగా పంపమని యానాది కాలనీకి కబురు పెట్టింది. హెడ్మాస్టరు ఆ సమయానికి గేటు తాళం తీసి ఉంచుతానన్నాడు.