దెయ్యపుకథయు చేతబడికథయు

అమావాస్య మఱునాటి వేకువను కూకట్‌పల్లిలోని కేపీహెచ్‌బీ కాలనీ వీథులలో నడిచినచో, మూడుదారులు కలియుచోట్ల కోసిన నిమ్మకాయలు, కుంకుమ, పగిలిన బూడిదగుమ్మడికాయలు పడియుండుట కానవచ్చును. లాప్‌టాపు సంచులు వీపున తగిలించుకొని హైటెక్‌ సిటీకి పోవు యువకులు వానిని త్రొక్కక ప్రక్కకు తొలగి పోవుదురు. కొంతసేపటికి వీథి ఊడ్చు స్త్రీ వచ్చి చీపురుతో వానినన్నిటిని బండిలోనికి ఎత్తివేయును. ఆమెకు దిష్టి తగులునేమోయని ఎవరును విచారింపరు. భయపడు సౌకర్యము ఆమెకు లేదు.

ఆ ప్రాంతముననే రాత్రి రెండవ ఆటకు దెయ్యపు సినిమా చూడ సకుటుంబముగా వచ్చువారు పెక్కురు. మేమును మా యింటి పిల్లలతో పోయితిమి. ఇట్టి చిత్రములు, ఇట్టి నవలలు ఇంటిల్లిపాదియు చూడదగినవా, చదువదగినవా యని మమ్ము అడుగువారు కలరు. దెయ్యములు లేవు గనుక దెయ్యపుకథలు అసత్యములు, అసత్యములు గనుక విడువదగినవి అని మేము పూర్వము ఒక్కమాటతో తేల్చుచుంటిమి. ఆ తీర్పు తొందరపాటుదని ఇప్పుడు తోచుచున్నది. మన భయకథలను కాలక్రమమున పరిశీలించినచో వానియందు రెండు జాతులు కనబడును. ఒకదానిలో భయపెట్టువాడు చచ్చినవాడు. రెండవదానిలో భయపెట్టువాడు బ్రతికియున్నవాడు, పొరుగువాడు. మొదటిది దెయ్యపుకథ, రెండవది చేతబడికథ. ఈ భేదమును గమనింపకపోవుట వలన వచ్చు నష్టము సాహిత్యమునకు సంబంధించినది మాత్రమే కాదు.

బేతాళుని కథలు అందఱును ఎఱిగినవే. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమున అవి ఇరువదియైదు కలవు. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ తరువాతి యేండ్లలో బేతాళుని పేరనే క్రొత్తకథలల్లించి తరములతరబడి పిల్లలచేత చదివించినది. నడిరేయి, శ్మశానము, చెట్టున వ్రేలాడు శవము—భయమునకు వలసిన సామగ్రియంతయు అందున్నది. అయినను ఆ కథ చదివి నిద్రమానిన బాలుని మేమెఱుగము. ఏలయన, ఆ శవము రాజును పట్టి పీడింపదు, తప్పెవరిదని ప్రశ్నించును. తెలిసియు పలుకకున్నచో తల వ్రక్కలగునని హెచ్చరించును. రాజు వెఱవవలసినది శవమునకు గాదు, తన మౌనమునకు.

1897వ సంవత్సరమున లండనులో బ్రామ్‌ స్టోకరు ‘డ్రాక్యులా’ వెలువడినది. మనకు గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ అచ్చుపడినదియు ఆ సంవత్సరముననే. ఒకచోట దూరదేశపు ప్రభువు నెత్తురు త్రాగుటకు మహానగరమునకు వచ్చుచుండగా, ఇంకొకచోట పూజారి గవరయ్య దెయ్యమును సీసాలో బిగించుచున్నాడు. గవరయ్యను తలచుకొన్నప్పుడెల్ల మాకు నవ్వు ఆగదు. ముసలివాడు రూకలిచ్చి కొన్న పెండ్లికూతురు నిజమునకు ఆడువేషము వేసిన మగపిల్లవాడు. ఆ ‘పెండ్లికూతురు’ మాయమైనప్పుడు, మోసపోతిమని ఒప్పుకొనుట కంటె పిశాచమని చెప్పుకొనుట ఇంటివారికి సుఖముగా నుండెను. 1874లో కందుకూరి వీరేశలింగముగారు ‘వివేకవర్ధని’ స్థాపించి మూఢనమ్మకములతో పోరాడిన పిదప, ఆ పోరాటమున నవ్వు ఎంత పదునైన ఆయుధమో చూపిన ఘట్టమిది.

వెండితెఱమీదికి వచ్చిన మాంత్రికుడు చాలకాలము దూరముననే యుండెను. 1942లో జెమినీవారు తీసిన ‘బాలనాగమ్మ’యందలి మాయలమరాఠీ గాని, 1951లో కె.వి. రెడ్డిగారు తీసిన ‘పాతాళభైరవి’యందు ఎస్‌.వి. రంగారావుగారు ధరించిన నేపాళ మాంత్రికుడు గాని మన వీథిలోనివారు కారు. బాలనాగమ్మ కథలో వాని ప్రాణము సప్తసముద్రముల కావల చిలుకలో దాగియున్నది. ఆ చిత్రము చూచి ఇంటికి వచ్చినవాడెవ్వడును ప్రక్కయింటి ముసలమ్మను అనుమానింపడు.

ఈ దూరము తగ్గినది 1980వ దశాబ్దపు తొలినాళ్లలో అని మా యభిప్రాయము. యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికముగా వెలువడుచుండగా, వారము వచ్చువఱకు ఎదురుచూచిన కుటుంబములు ఎన్నియో! ధనముకొఱకు ఒక చిన్నపిల్లపై ప్రయోగము చేయించుట అందలి కథ. అమెరికాలో 1971లో నవలగా, 1973లో చిత్రముగా వచ్చిన ‘ఎక్సార్సిస్ట్‌’యందును బాధితురాలు బాలికయే. అయితే అచట పట్టినది పిశాచము. ఇచట చేయించినవారు మనుష్యులు, అందునను తెలిసినవారు. చదివించుటలో ఆ నవలకు సాటివచ్చునవి తక్కువ. కాని వైద్యుని మాటకును మాంత్రికుని మాటకును అది సమానాసనము వేసినది. రంగనాయకమ్మగారు ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అను పేరుతో దానిని ఖండించిరి. ఆ పేరులోని తీవ్రత అప్పుడు మాకు అతిగా తోచెను, ఇప్పుడు తోచుటలేదు.

దెయ్యపుకథ మాత్రము తన దారిన తాను సాగినది. రామ్‌గోపాల్‌ వర్మగారి ‘రాత్రి’ (1992) క్రొత్తయింట దిగిన మధ్యతరగతి కుటుంబపు కథ. ఆయనయే తీసిన ‘దెయ్యం’ (1996)లో దంపతులు ఊరివెలుపల ఇల్లు కొందురు. ఆ నేల పూర్వము శ్మశానము. నగరము పొలములమీదికి, చెఱువులమీదికి ప్రాకుచున్న కాలమున పుట్టిన భయమిది. కూకట్‌పల్లి ఒకప్పుడు గ్రామము. పిదప పురపాలకసంఘమై, 2007లో మహానగరపాలక సంస్థలో కలిసినది. 1998లో సైబర్‌ టవర్సు తెఱచిన తరువాత ఇచట అంతస్తుపై అంతస్తు లేచినది. మనము పడకవేసికొన్న చోట ముందేమి యుండెనో మనకు తెలియదు. అప్పుచేసి ఇల్లు కొన్నవానికి ఈ ప్రశ్న దెయ్యము రూపమున వచ్చుట వింతగాదు.

2009లో కోడి రామకృష్ణగారు తీసిన ‘అరుంధతి’ ఇంకొక మెట్టు పైకి పోయినది. గద్వాల సంస్థానము పేరు పెట్టుకొన్న కథ. అందు పీడించు ప్రేతము పురుషుడు. స్త్రీలను చెఱచిన దుర్మార్గుడు. వానిని బ్రతికియుండగనే సమాధిచేసినది స్త్రీ. కామినీపిశాచములని, శాకినీ ఢాకినులని ఆడుదానినే భయమునకు గుఱుతుగా చూపిన మన కథలలో ఇది తలక్రిందులు. అందు రక్తము ఎక్కువ, కేకలు ఎక్కువ. అయినను మా యింటి స్త్రీలు దానిని ఏల మరల మరల చూచిరో మేము గ్రహింపగలము.

ఇక చేతబడికథ. 2021లో అంతర్జాలవేదికపై వచ్చిన ‘మా ఊరి పొలిమేర’, 2023లో వచ్చిన దాని రెండవభాగము, అదే సంవత్సరపు ‘విరూపాక్ష’—ఈ మూటికిని జనాదరణము మెండు. ‘విరూపాక్ష’ 1979లో మొదలగును. క్షుద్రపూజలు చేయుచున్నారని ఒక గ్రామమువారు దంపతులను సజీవముగా దహింతురు. పండ్రెండేండ్లకు ఆ యూరిలో చావులు మొదలగును. ఆ మొదటి మంటలోని క్రూరత్వమును దర్శకుడు దాచలేదు, అందుకు మెచ్చుకొందము. కాని కథ తుదకు వచ్చుసరికి క్షుద్రవిద్య నిజమే, అది చంపుననుటయు నిజమే అని తేలును. అనగా ఊరివారి పని తప్పైనను, ఊరివారి నమ్మకము ఒప్పే యైనది. మాకు కష్టము కలిగించునది ఈ ముగింపే.

ఎందుకనగా, తెలంగాణ పల్లెలలో బాణామతి అను మాట కథలోనిది కాదు. మెదకు, నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలోను, పొరుగున బీదరులోను, మరాఠ్వాడలోను ఆ మాటకు మనుష్యులు బలియైరి. అది జరుగు తీరు ఇంచుమించు ఒక్కటే. ఇంట ఎవరికో జ్వరము తగ్గదు, లేదా పశువు చచ్చును. ఆసుపత్రి దూరము, ఖర్చు అంతకంటె దూరము. భూతవైద్యుని అడుగుదురు. అతడు తఱచు పేరు చెప్పడు. ఒక దిక్కు చెప్పును, ఒక ఆనవాలు చెప్పును. పేరు ఊరివారే పూరింతురు. పొలముగట్టు తగవున్నవాడో, దిక్కులేని విధవయో, కులమున తక్కువవాడని ఎంచబడినవాడో ఆ ఖాళీలో సరిపోవును. దొరికినవారి పండ్లు ఊడగొట్టుట కలదు. పండ్లు లేనివాడు మంత్రమును సరిగా ఉచ్చరింపలేడని నమ్మకము. ఈ పని చేయువారు రాక్షసులు కారు, వారు భయపడినవారు. భయపడిన గుంపు తాను న్యాయము చేయుచున్నాననియే తలచును.

ఇది మారుమూల పల్లెల మాట యని నగరవాసులు తప్పించుకొన వీలులేదు. కూకట్‌పల్లి యున్న మేడ్చల్‌–మల్కాజ్‌గిరి జిల్లాలోనే, శామీర్‌పేట ప్రాంతపు గ్రామమొకటి కలదు. 2019 సెప్టెంబరులో అచట వ్యాధితో ఒక స్త్రీ మరణించినది. ఆమెకు చేతబడి చేసెనని ఒక యువకునిపై అనుమానము. ఆమె చితిలోనే ఆ యువకుడు కాలిపోయెను. సైబర్‌ టవర్సు తెఱచి అప్పటికి ఇరువదియొక్క యేండ్లు కావచ్చినది. మహారాష్ట్రము 2013లో, నరేంద్ర దాభోల్కరుగారి హత్య జరిగిన సంవత్సరముననే, ఇట్టి దురాచారములపై ప్రత్యేకచట్టము చేసినది. కర్ణాటకము 2017లో చేసినది. రెండును మన పొరుగురాష్ట్రములే.

కావున దెయ్యపుకథలనన్నిటిని ఇంటినుండి వెడలగొట్టుమని మేము చెప్పజాలము. 2022లో వచ్చిన ‘మసూద’ను చూడుడు. భర్తకు దూరమై బిడ్డతో నివసించు ఒక తల్లి. బిడ్డ ఏదో ఆవేశించినట్లు ప్రవర్తించును. తలుపు తట్టి సాయమునకు వచ్చువాడు ప్రక్కయింటి యువకుడు. వానికిని వెఱపే, వణకుచునే వచ్చును. అందును మంత్రతంత్రములు లేకపోలేదు, వానిని మేము సమర్థింపము. అయినను ఆపదలో పొరుగువాడు శత్రువు కాక తోడగుట ఈ నడుమ మన భయచిత్రములలో మేము అరుదుగా చూచినది.

మా యింటి పదునొకండేండ్ల బాలుడు ‘విరూపాక్ష’ చూచిన రాత్రి మమ్ము ఒక ప్రశ్న అడిగెను: ‘మొదట కాల్చిన ఆ ఇద్దఱును నిజముగా చేసిరా?’ చేసినను చేయకున్నను కాల్చవచ్చునా యని మేము తిరిగి యడిగితిమి. వాడు కొంతసేపు ఊరకుండి, ‘కాదు, ముందు అది చెప్పండి’ అనెను. అప్పుడు వానికి సినిమా సంగతి విడిచి శామీర్‌పేట సంగతి చెప్పితిమి. ఎన్ని కిలోమీటర్లు అని అడిగెను. ముప్పదికి మించదంటిమి. ఆ రాత్రి వాడు దీపము ఆర్పనీయలేదు. మేమును ఆర్పుమని పట్టుపట్టలేదు.